కంప్యూటరుకు దొరికిన ఎముక

ఆ గురువారం ఉదయం విబ్కే వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండు గంటలకు ఒక పంది తొడ మీద జెల్ రాయాలి, అల్ట్రాసౌండ్ ప్రోబ్ ఆనించాలి, లోపలి ఎముక అంచును తన ప్రోగ్రాం ఎంత కచ్చితంగా పట్టుకుంటుందో సర్జన్ టెర్‌హోర్స్ట్‌కు చూపించాలి. ఆయన సరేనంటే, సోమవారం మొదటి రోగికి ఇదే పద్ధతిలో తుంటి ఆపరేషన్. ఆ మొదటి రోగి ఎవరో కాదు, విబ్కే పరిశోధనకు గైడు ప్రొఫెసర్ హాగెడోర్న్.

"నాలుగేళ్ళుగా నీ పని చూస్తున్నానమ్మాయ్. నా తుంటి నీ చేతుల్లో పెడుతున్నా," అని ఆయన ఆఖెన్ ఊరంతా వినేలా చెప్పుకుంటున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా విబ్కే వెళ్ళి తన లెక్కలన్నీ మళ్ళీ మొదటినుంచి సరిచూసుకునేది.

మంగళవారమే ఆ తొడకు స్కానింగ్ తీయించి, ఎముక పటాన్ని కంప్యూటర్లోకి ఎక్కించింది. ల్యాబ్ ఫ్రిజ్ పాడవడంతో తొడను కాఫీ గది ఫ్రిజ్‌లో పెట్టి, "విబ్కే. గురువారం, పదకొండు గంటలకు" అని కాగితం అంటించింది.

గురువారం నల్లటి ప్లాస్టిక్ పొరలో ఉన్న మూటను బయటికి తీసినప్పుడు కాస్త తేలిగ్గా అనిపించింది. అయినా భయంలో మనిషికి చేతిలో ఏది ఎంత బరువో తెలుస్తుందా? పొర కూడా విప్పకుండా బల్ల మీద పెట్టి, ఆపరేషన్ గదిలో మాదిరే అరచేతంత చోటు వదిలి ఆకుపచ్చ గుడ్డ కప్పేసింది.

జెల్ రాసి ప్రోబ్ ఆనించింది. తెర మీద తెల్లటి గీత, దాని కింద నల్లటి నీడ. అచ్చం ఎముకే! ప్రోగ్రాం దాన్ని పటంతో జోడించి, "తేడా అర మిల్లీమీటరు" అని ప్రకటించింది.

"చూశావా టెర్‌హోర్స్ట్! సోమవారం దాకా ఎందుకయ్యా, రేపే కోసెయ్!" అన్నారు చూడటానికి వచ్చిన ప్రొఫెసర్.

"కంప్యూటర్ చెప్పింది సరే, సూదిని కూడా అడుగుదాం," అన్నాడు సర్జన్. ఈ పనిలో చివరి సాక్ష్యం సూదిదే. ఎముకకు తగిలి ఆగాలి.

మూడు సెంటీమీటర్ల దగ్గర ఆగాల్సిన సూది ఆగలేదు. అయిదు. ఎనిమిది. చివరికి టక్కున బల్లకు తగిలింది. సర్జన్ సూదిని పైకి లాగాడు. దాని కొసకు ఏదో గుచ్చుకుని వచ్చింది. వాసన చూశాడు.

"వెల్లుల్లి."

"నా ప్రోగ్రాంలో వెల్లుల్లి లేదండీ," అంది విబ్కే.

గుడ్డా, పొరా లాగేశారు. చుట్టగా చుట్టి, దారంతో ముచ్చటగా కట్టిన మాంసం! అప్పుడే పళ్ళేల దొంతరతో ఆఫీసు సెక్రటరీ ఫ్రౌ క్నిప్ లోపలికి వచ్చింది.

"ఇంకా ఓవెన్‌లో పెట్టలేదటే? పదకొండు దాటింది!"

"ఏం చేశారండీ దీన్ని?"

"నీ పుట్టినరోజు కదే ఇవాళ! పుట్టినరోజు ఎవరిదైతే వాళ్ళేగా అందరికీ తినిపించాలి? ఫ్రిజ్‌లో కాగితం చూసి విందు కోసమే అనుకున్నా. పాపం, నీకు తీరికేదీ అని నిన్న నేనే మాంసం కొట్టుకు పట్టుకెళ్ళి ఎముక తీయించి, మసాలా దట్టించి కట్టించుకొచ్చా. థాంక్స్ అన్నా చెప్పవేం?"

తన పుట్టినరోజు సంగతి విబ్కేకు అప్పుడు గుర్తొచ్చింది. అంతకంటే ఘోరమైన సంగతి మరుక్షణం తట్టింది. ఎముకే లేకపోతే తెర మీద ఉన్నదేమిటి? మాంసం మడతల మధ్య చిక్కుకున్న గాలి. నాలుగేళ్ళలో ప్రోగ్రాంకు ఎముక లేని తొడను ఒక్కసారీ చూపించలేదు. అడిగినప్పుడల్లా ఎముక ఉండేది కాబట్టి, ఉందనడం దానికి అలవాటైపోయింది.

"సోమవారం ఆపరేషన్ లేదు. లేనిదాన్ని లేదనడం ముందు దానికి నేర్పు. ఆరు నెలలు పడుతుంది," అన్నాడు టెర్‌హోర్స్ట్, సంతకం పెట్టడానికి తెచ్చిన అనుమతి కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుంటూ.

విబ్కే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాలుగేళ్ళ చదువు బల్ల మీద జెల్‌తో తడిసి పడుంది. ఇక ప్రొఫెసర్ తననూ, ఫ్రౌ క్నిప్‌నూ కడిగేస్తారని తల దించుకుంది. ఆయన సున్నం కొట్టిన గోడలా పాలిపోయి ఉన్నారు. ఒక చేయి తుంటి మీదే ఉంది. మెల్లగా వెళ్ళి ఫ్రౌ క్నిప్ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నారు.

ఆ ఏడాదంతా ప్రొఫెసర్ హాగెడోర్న్ కుంటుకుంటూనే తిరిగారు, మహా సంతోషంగా.