మబ్బుల రద్దు

గత సోమవారం నుంచి ఆకాశంలో మబ్బులు రద్దయ్యాయి. ప్రజల సౌకర్యార్థం వాతావరణ శాఖ డైరెక్టరుగారు సంతకం చేసిన ఉత్తర్వును ఆఫీసులో ప్రతి గదిలోనూ అంటించారు. చదివినవాళ్లంతా ఒకసారి కిటికీలోంచి పైకి చూశారు. మబ్బులు యథాప్రకారం ఉన్నాయి. ఉత్తర్వు నకలు వాటికి అందలేదు కాబట్టి ఇందులో శాఖ తప్పేమీ లేదు.

కారణం సమంజసమైనదే. పగలంతా ఎండకు కాగిన నేల, కంటికి కనపడని పరారుణ కిరణాల రూపంలో ఆ వేడిని పైకి వదులుతుంది. అందులో ఎంత ఆకాశం దాటిపోతుందో, ఎంత మబ్బులు పట్టుకుని కిందికి తిప్పి పంపుతాయో గాలి పొరపొరకీ లెక్క కడితేగాని రాత్రి ఎంత చల్లబడుతుందో తేలదు. పదకొండేళ్లుగా ఆ లెక్క చూస్తున్న శాస్త్రవేత్తను ఆఫీసులో అందరూ మబ్బులాయన అనేవారు. అతని మబ్బుల పుణ్యమా అని కంప్యూటరు తొమ్మిదీ పన్నెండుకు గాని బులెటిన్ ఇచ్చేది కాదు. డైరెక్టరుగారి సమావేశమేమో సరిగ్గా తొమ్మిదికి.

"ఆకాశమెంత, అందులో మబ్బెంత? చిన్న చిన్న విషయాలు పట్టుకుని వేలాడే శాఖ ఏనాటికీ పైకి రాదు!" అని డైరెక్టరుగారు ఉపన్యసించారు. పైకి రాదలచుకున్నవారందరూ చప్పట్లు కొట్టారు.

లెక్కలోంచి మబ్బులు తీసేశాక బులెటిన్ ఎనిమిదింటికే వచ్చి కూర్చుంది. రాత్రి ఉష్ణోగ్రత ఇరవై నాలుగు డిగ్రీలు. మబ్బులాయన లేచి నిలబడ్డాడు. "మబ్బు మూతలాంటిదండీ. మూత తీసేసి లెక్కేస్తే వేడంతా పైకి పోయినట్టే వస్తుంది. ఈ రాత్రి నిజానికి ముప్పై రెండు ఉంటుంది."

"ఇరవై నాలుగు హాయిగా ఉందయ్యా. ముప్పై రెండు ఎవరిక్కావాలి?" అన్నారు డైరెక్టరుగారు. న్యాయమైన ప్రశ్నే.

ఊళ్లోని థర్మామీటర్లు మాత్రం మొండికేశాయి. కంప్యూటరు లెక్కతో ఐదు డిగ్రీలకు మించి తేడా చూపే పరికరం చెడిపోయినట్టేనని శాఖ నిబంధన. ఆ ప్రకారం పద్దెనిమిదింటిలో పదిహేడు ఒక్కరోజులో చెడిపోయాయి. మిగిలిన ఒక్కటీ డైరెక్టరుగారి ఏసీ గది గుమ్మం పక్కన ఉంది. దానికి ఉత్తమ పరికరంగా ప్రశంసాపత్రం ఇచ్చి, మిగతావాటిని గోతాల్లో కట్టి మరమ్మతుకు పంపారు.

ఇదంతా మబ్బులాయన నోరు మూసుకుని భరించేవాడే. కానీ అతని అక్క కాపురం ఐదో అంతస్తులో, కాలిన స్లాబు కింద ఒంటి గదిలో. ఆవిడ అత్తగారికి డెబ్బై తొమ్మిదేళ్లు, గుండె బలహీనం. రెండు వీధుల అవతల పురపాలక సంఘం వారి చల్లని హాలు ఉంది. కూలర్లు, మంచాలు, మంచినీళ్లు, అన్నీ అమర్చారు. రాత్రి ముప్పై దాటుతుందని బులెటిన్ చెప్పిననాడు మాత్రమే తలుపులు తీస్తారు. ఈ వారం ముసలావిడ అక్కడ పడుకోకపోతే కష్టమని డాక్టరు చెప్పేశాడు.

"ఒరేయ్, కాపలావాడు మీ కాగితం చూపించి పొమ్మంటున్నాడురా," అని అక్క ఫోను చేసింది. "ఇక్కడ మా అత్తగారికి ఊపిరాడట్లేదు. ఇరవై నాలుగేంట్రా, మీ మొహాలు మండ!"

"లెక్కలోంచి మబ్బులు తీసేశారక్కా."

"తీసేసి మా మేడ మీద పడేశారా? నీకు పుణ్యముంటుంది, ఏదో ఒకటి చెయ్యరా."

మర్నాడు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా అతను మబ్బుల్ని మళ్లీ లెక్కలో పెట్టాడు. ముప్పై రెండు వచ్చింది. వచ్చేసరికి తొమ్మిదీ పన్నెండు. అప్పటికే సమావేశం నిన్నటి ఇరవై నాలుగునే ఏకగ్రీవంగా ఆమోదించింది. 'ఆలస్యంగా అందిన ఉష్ణోగ్రత పరిగణింపబడదు' అని ఎర్ర సిరాతో రాసి తిప్పి పంపారు. సాయంత్రం ఆ కాగితమే పట్టుకుని హాలుకు పరుగెత్తాడు. కాపలావాడు మంచివాడే. చెమట తుడుచుకుంటూ ఆసాంతం చదివి, "ముద్ర లేదు కదండీ, నా ఉద్యోగం పోతుంది," అన్నాడు.

మూడోనాటి ఉదయం ముసలావిడ ఇక లేవలేదు. డాక్టరు వచ్చి వడదెబ్బ అని రాయబోయి కలం ఆపాడు. "ఇరవై నాలుగు డిగ్రీల్లో వడదెబ్బేమిటని నన్ను నిలదీస్తారమ్మా," అని నొచ్చుకుంటూ, చలి అని రాశాడు. ఆ వారంలో అలాంటి మరణాలు నలభై ఒకటి. అన్నిటికీ చలే కారణమని తేలింది.

ప్రభుత్వం వెంటనే కదిలింది. చలి బాధితుల కుటుంబాలకూ, ఇరుగుపొరుగులకూ ఉచితంగా ఉన్ని దుప్పట్లు ప్రకటించింది. దుప్పట్లు పేర్చడానికి చల్లని హాలు తలుపులు తీసి, మంచాలు బయట పారేశారు. లైను మూడు వీధులు పోయింది. అక్క తనకొద్దంది. వచ్చిన టోకెను వదులుకుంటామా అని బావ మబ్బులాయన్ని పంపాడు.

ముందూ వెనకా జనం చెమటలు కక్కుతూ, ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుంటూ, మంచి రంగు దుప్పట్లు అయిపోతాయేమోనని కంగారుపడుతున్నారు. మబ్బులాయనకు దుఃఖమూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి.

"చలెక్కడుందయ్యా! మా వాళ్ల పెద్దావిడ ఉక్కకు ఉడికి పోయింది!" అని అరిచాడు.

వెనకనున్న పెద్దమనిషి అతని భుజం మీద చెయ్యి వేసి, చెవి దగ్గరికి వంగాడు.

"మెల్లగా సార్, వింటే పంపిణీ ఆపేస్తారు. అన్నట్టు మీరు ఆ శాఖలోనే చేస్తారటగా? ఇంకో నాలుగు డిగ్రీలు తగ్గించి పుణ్యం కట్టుకోండి, స్వెట్టర్లు కూడా ఇస్తారట."