రంగు మారిన ప్లాటినం

మంగళవారం పొద్దున్నే ల్యాబు తాళం తీసి, బల్లలు తుడిచి, తొమ్మిదింటికల్లా చాయ్ తాగి రావాలనుకున్నాడు మాసయ్య. వనపర్తిలోని ఆ ప్రైవేటు డిగ్రీ కళాశాలలో పద్దెనిమిదేళ్లుగా అటెండరు అతను. తలుపు తీశాక చాయ్ సంగతే మరిచిపోయాడు. నిన్న సాయంత్రం లెక్చరర్ అఖిల మేడం మూత పెట్టి పోయిన గాజు కుప్పెలో ద్రవం నీళ్లలా తేటగా ఉండేది. ఇప్పుడు పసుపు రంగులో ఉంది.

"ఇండ్ల ప్లాటినం ఉంది మాసయ్యా, జర పానం లెక్క చూస్కో" అని మేడం చెప్పి మరీ వెళ్లింది. తాళంచెవులు రెండే. ఒకటి తన దగ్గర, రెండోది వాచ్‌మన్ కురుమూర్తి దగ్గర. ఎవరో ప్లాటినం తీసుకుని, బదులు ఇంకేదో పోసి పోయారనుకున్నాడు మాసయ్య.

గద్వాల నుంచి బస్సులో వస్తున్న మేడం ఫోన్ కలవలేదు. మాసయ్యకు కాలు నిలవలేదు. నాలుగుసార్లు వరండాలోకి పోయి వచ్చి, చివరకు కుప్పె దగ్గర ముక్కు పెట్టాడు. గుప్పున ఎల్లిగడ్డ వాసన!

నేరుగా గేటు దగ్గరికి పరుగెత్తాడు.

"రాత్రి ఎల్లిగడ్డ కారంతోని రొట్టె తిన్నవా లేదా?"

"తిన్న. అయితే ఏంది?" అన్నాడు కురుమూర్తి.

"గా వాసన ప్లాటినం కాడికి ఎట్లొచ్చింది?"

"నాకేం తెల్వదు! నీ తాన గూడ తాళంచెవి ఉంది గదా!"

గొడవ ప్రిన్సిపాల్ వెంకట్రాములు చెవిన పడింది. ఆయన కంగారుగా పోలీసులకు ఫోన్ చేసి, ఎంత పోయిందని వాళ్లు అడిగితే "ఒక సీసెడు" అన్నాడు. ఎస్సై సురేందర్ జీపు దిగేసరికి గేటు ముందు గుమిగూడినవాళ్లు దాన్ని కిలో చేశారు.

ఎస్సై ల్యాబులోకొచ్చి స్టూలు మీద కూర్చుని, కేసు రాయడానికి పెన్ను తీసి, ముందు కురుమూర్తి నోరు వాసన చూశాడు. ఎల్లిగడ్డే. అనుమానం తీరక మాసయ్య నోరూ చూశాడు. అదీ ఎల్లిగడ్డే.

"పొద్దుగాల మా ఇంట్ల పప్పు పోపు, సార్!" అన్నాడు మాసయ్య, ఏడుపు గొంతుతో. పద్దెనిమిదేళ్ల నౌకరీ కళ్లముందే జీపెక్కుతున్నట్టనిపించింది.

అప్పుడే అఖిల గుంపును తోసుకుంటూ లోపలికి వచ్చింది.

"మేడం, నేను తియ్యలే!" అన్నాడు మాసయ్య.

ఆమె కుప్పెను కిటికీ వెలుతురులోకి ఎత్తి చూసి, చిన్నపిల్లలా ఎగిరింది. "వచ్చింది! రెండు నెల్ల సంది దీనికోసమే పరేషాన్ అయితున్న!"

"మరి ప్లాటినం?" అన్నాడు ఎస్సై.

"గదే ఇది సార్. నిన్న ప్లాటినంకు అంటుకున్న రెండు క్లోరిన్లు ఒక్క పక్కకే ఉండె, రంగు లేకుండె. ఇండ్ల ఫాస్ఫీన్ అనే మందు జర మిగిలింది, ఆ ఎల్లిగడ్డ వాసన దానిదే. అది రాత్రంత పని చేసి ఒక క్లోరిన్‌ను ఎదురు పక్కకు పంపింది. గందుకే పసుపైంది."

మాసయ్య కురుమూర్తి వైపు చూశాడు. కురుమూర్తి చూపు తిప్పుకున్నాడు.

ఎస్సై పెన్ను జేబులో పెట్టుకుని లేచాడు. "అంటే ఏం పోలే, పక్క మారింది. పక్క మారినోళ్ల మీద కేసు రాసే అలవాటు మాకు లేదు మేడం."