తీపి ముట్టని ఒళ్లు

ఆ రోజు పొద్దున్నే బూందీ వేయాలని లాల్‌సాహెబ్ పొయ్యి రాజేశాడు. గంపలగూడెం మోతుబరి అంకారావు కూతురి పెళ్లికి లడ్లు చెప్పాడు మరి. తిరువూరులో తన మిఠాయి కొట్టు తెరిచాక అంత పెద్ద బేరం రావడం అదే మొదలు. మూకుట్లో నూనె కాగకముందే పెరట్లోంచి షరీఫాబీ కేకేసింది.

"ఏమయ్యా, ఇటు రా! దొడ్లో ఒంటికి పోసే మూల చీమలు చూడు, తిరనాళ్లకొచ్చినట్టు వచ్చినయ్. ఇది చక్కెర జబ్బే. పాకం దించినప్పుడల్లా నాలిక మీద వేసుకుంటావుగా, అనుభవించు!"

పాకం రుచి చూడకుండా లడ్డు కట్టడం ఎవరి తరం? అయినా ఆ మాట భార్యతో అనే ధైర్యం లాల్‌సాహెబ్‌కు పెళ్లయిన నాటినుంచి లేదు. ఆస్పత్రిలో మూత్ర పరీక్షకు ఎవరి సీసా వాళ్లే తెచ్చుకోవాలి గనుక, కొట్టులో చేతికందిన తేనె సీసా తీసుకున్నాడు. నీళ్లు తగిలితే తేనె పులుస్తుందని ఆ కొట్టులో సీసాలు కడిగే ఆచారం లేదు. తలకిందులుగా నిలబెట్టి, కారింది కారాక ఖాళీ అయిందనుకుంటారు.

ఆస్పత్రిలో కాంపౌండరు మరియదాసు గాజు గొట్టంలో నీలం మందు పోసి, సీసాలోది నాలుగు చుక్కలు కలిపి కాచాడు. అది ఆకుపచ్చ దగ్గరా, పసుపు దగ్గరా ఆగకుండా తిన్నగా ఇటుక రంగుకు వెళ్లింది.

"నా సర్వీసులో ఇంత చక్కెర చూళ్లేదయ్యా," అన్నాడు డాక్టరు శాంతయ్య. "కానీ నువ్వు ఏ రకమో అంతుపట్టడం లేదు. ఒక రకం ఎక్కువగా పిల్లలకీ, పడుచువాళ్లకీ వస్తుంది. మనిషి ఉన్నట్టుండి చిక్కిపోతాడు, ఇన్సులిన్ సూది లేందే బతకడు. రెండోది నలభై దాటి ఒళ్లొచ్చినవాళ్లకి, అమ్మకో నాన్నకో ఉంటే మరీనూ. నువ్వేమో పుట్టు బక్కోడివి, మీ ఇంట్లో ఎవరికీ లేదంటున్నావు."

"మూడోది లేదాండీ?" అంది షరీఫాబీ.

"ఉంది. కడుపుతో ఉన్నవాళ్లకి వస్తుంది."

షరీఫాబీ మొగుడి పొట్టవైపు పరీక్షగా చూసింది. లాల్‌సాహెబ్ వినయంగా తల అడ్డంగా ఊపాడు.

మోకాలి నొప్పికని వచ్చి బల్ల మీద కూర్చున్న అంకారావు ఇదంతా విన్నాడు. "లాల్‌సాహెబూ, లడ్లు ఆపు. మగపెళ్లివారికి షుగరు అంటించానన్న మాట నాకొద్దు."

"అది అంటుజబ్బు కాదండీ," అన్నాడు డాక్టరు. అంకారావు వినలేదు. జబ్బు తనకొస్తే లాల్‌సాహెబ్ ఎలాగో భరించేవాడు, ఇది కొట్టుకొచ్చింది.

అంతలో మరియదాసు సీసా వాసన చూశాడు. "సార్, మూతి దగ్గర జిగురుగా ఉంది. తేనెండీ!"

ఈసారి ఆస్పత్రి సీసాలో పట్టి కాచారు. నీలం నీలంగానే ఉండిపోయింది.

"ఇందాక ఎరుపు, ఇప్పుడు నీలం! మందే పాడైందేమో," అన్నాడు అంకారావు.

షరీఫాబీకి రోషం వచ్చింది. మొగుణ్ణి తను తిట్టచ్చు గానీ ఊళ్లోవాళ్లు అనుమానిస్తారా? "అయితే నాది కాచి చూడండి. టీలో కూడా పంచదార ముట్టని ఒళ్లు నాది. దీంట్లో రంగు మారిందా, మందు పాడైనట్టే!"

అదీ ఆస్పత్రి సీసాలోనే పట్టి కాచారు. ఇటుక రంగు.

"మందు బాగానే ఉంది సార్," అన్నాడు మరియదాసు.

"యా అల్లా! తిన్నవాడికి లేక తిననిదానికా?" షరీఫాబీ చతికిలపడింది.

"తీపి తిన్నంత మాత్రాన వచ్చేది కాదమ్మా. మీ అమ్మకుందా?"

"ఉండేదండీ."

"నలభై దాటాయి, ఒళ్లూ ఉంది. నువ్వు రెండో రకం. బిళ్లలు, పథ్యం, రోజూ నడక."

చీమలు ఎవరి కోసం వచ్చాయో లాల్‌సాహెబ్‌కు అప్పుడర్థమైంది. పెళ్లయ్యాక భార్యను దెప్పడానికి దొరికిన మొదటి అవకాశం అది. కానీ ఆమె కళ్లలో నీళ్లు చూసి దాన్ని వదిలేసుకున్నాడు. "నేనూ నీతో నడుస్తాలే షరీఫా," అన్నాడు.

గుమ్మం దాకా వెళ్లిన అంకారావు ఏదో ఆలోచించుకుని కుంటుకుంటూ వెనక్కొచ్చాడు. "లాల్‌సాహెబూ, లడ్లు రెండింతలు చెయ్యి."

తీపి తినకపోతేనే చక్కెర జబ్బు వస్తుందని సాయంత్రానికల్లా తిరువూరంతా రూఢి అయింది.