రెండు డ్రమ్ముల నీళ్లు

సెలవు రోజైనా జయరాజ్ పొద్దున ఆరింటికే లేచాడు. రెండు నీలం డ్రమ్ములు కడిగి, పెరట్లో ఎండ పడే చోట పెట్టి, నిండా నీళ్లు పట్టాడు. ఇదే పని ఇంకొకరు చేస్తే ఎవరూ పట్టించుకోరు. కానీ ఇల్లందులోని ఆ గని కార్మికుల కాలనీకి నీళ్లు వదిలేది అతనే. నీళ్లు వదిలేవాడే నీళ్లు దాచుకుంటుంటే చూసినవాళ్ల గుండె గుభేలుమనదా మరి?

అసలు సంగతి చేపలు. పన్నెండేళ్ల కిందట అతని ఇంట్లో గాజుతొట్టి నిండా రంగు చేపలుండేవి. ఓ రోజు తొందరపడి, ఎండలో పెట్టి బ్లీచింగ్ వాసన పోగొట్టకుండానే కుళాయి నీళ్లు పోశాడు. సాయంత్రానికి అన్నీ చచ్చి తేలాయి. "చేపలకే నీళ్లు పొయ్యరానోడు మనకు పోస్తుండు," అని కాలనీ ఏడాదిపాటు నవ్వింది. తొట్టి ఎండుమిరపకాయల పాలైంది. ఈ 2006 ఎండాకాలానికి గానీ అతనికి మళ్ళీ ధైర్యం రాలేదు. వారం రోజులు తోమి తొట్టిని సిద్ధం చేశాడు.

"తెచ్చుకో," అంది భార్య సవరమ్మ. "కానీ ఒక్కటి సచ్చినా తొట్టి మల్ల మిరపకాయలకే. ఆనాడు నువ్వు మూడొద్దులు అన్నం ముట్టలే. గది మల్ల సూడలేను నేను."

పక్కింటి సైదమ్మ గోడమీంచి తొంగిచూసింది. "ఏంది తమ్మీ, గిన్ని నీళ్లు?"

చేపలంటే మళ్ళీ నవ్వుతారని జయరాజ్ భయం. "ఊకెనే అక్కా. సాయంత్రానికి కావాలె. ఎవ్వరికీ చెప్పకు," అని గబగబా ఖమ్మం బస్సెక్కేశాడు.

ఆ 'ఎవ్వరికీ చెప్పకు' అన్న ముక్క తప్ప సైదమ్మ అందరికీ అన్నీ చెప్పింది. సాయంత్రం నుంచి నీళ్లు బంద్ అని తొమ్మిదింటికి మొదటి లైనుకు తెలిసింది. పదింటికి మూడో లైనులో అది మూడు రోజులైంది. చర్చి దాకా వెళ్లేసరికి వారమైంది. డ్రమ్ములు, బిందెలు, ఆఖరికి ఎదురింటి జంపయ్య ఇంట్లోని పెళ్లి బగోనెలు కూడా నిండాయి. ట్యాంకు ఖాళీ అయింది. ఆ రోజు డ్యూటీలో ఉన్న రాందాస్ కంగారుపడి మోటారును ఆపకుండా నడిపించాడు. మధ్యాహ్నం రెండింటికి బావి అడుగంటి, మోటారు కాలిపోయింది.

కాలనీలో చుక్క నీళ్లు పట్టుకోని ఇల్లు ఇంజినీరు శ్రీనివాస్‌ది ఒక్కటే. పుకార్లు నమ్మడం ఆయన హోదాకు తగదాయె. నాలుగింటికి ఆయన భార్య హేమలత స్వయంగా సవరమ్మ దగ్గరికి వచ్చింది. ఇంటి నిండా చుట్టాలట, మొహం కడుక్కోవడానికి కూడా నీళ్లు లేవట. మొగుడి పై ఆఫీసరు ఇల్లు! సవరమ్మ కాదనలేక రెండు డ్రమ్ములూ ఇచ్చేసింది.

ఆరింటికి జయరాజ్ దిగాడు. దారంతా ఒళ్లో పెట్టుకుని తెచ్చిన ప్లాస్టిక్ సంచిలో నాలుగు గప్పీలు, రెండు ఏంజెల్ చేపలు. అవి అప్పటికే గాలందక పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి.

"నీళ్లేవి సవరమ్మా?"

"ఇంజినీరు సారోళ్ల తానాలకు పోయినయ్."

జయరాజ్ మెట్టుమీద కూలబడ్డాడు. దుఃఖం ఆగలేదు. "మల్ల సంపుతున్న సవరమ్మా! గీ పాపం మల్ల నాకేనా?" అన్నాడు. ఇక సిగ్గుపడి లాభం లేదని సంచితోనే వీధిలోకి వచ్చి అందరికీ నిజం చెప్పేశాడు. నీళ్లు బంద్ అని తాను ఎన్నడూ అనలేదని, డ్రమ్ములు చేపలకోసమని మొత్తుకున్నాడు.

సైదమ్మ నమ్మితేనా! "ఊకో తమ్మీ. నౌకరి పోతదని గట్లంటున్నవ్. మోటారు కాలతదని నీకు ముందే ఎరుక. నువ్వు చెప్పబట్టే మా పిల్లలకు ఇయ్యాల నీళ్లున్నయ్."

"అవ్, పొద్దటిసంది ఎండలనే ఉన్నయ్, తీస్కో," అంటూ జంపయ్య రెండు బిందెలు మోసుకొచ్చాడు. వాసన చూస్తే బ్లీచింగ్ ఊసే లేదు. ఆ వెనకే ఇంటికో బిందె వచ్చింది. తొట్టి నిండింది. ఆరు చేపలూ తోకలాడిస్తూ తిరగడం మొదలుపెట్టాయి. సవరమ్మ కొంగుతో ముందు మొగుడి కళ్లు తుడిచి, తర్వాత తనవి తుడుచుకుంది.

ఏడింటికి ఇంజినీరు మెమో పట్టుకుని వచ్చాడు. "పుకారు లేపింది నువ్వేనట?"

"సార్, నేను చేపల కోసం..."

ఇంజినీరు వీధికేసి చూశాడు. ప్రతి గుమ్మం ముందూ నిండు బిందెలే. మెమో మడిచి జేబులో పెట్టుకుని, గొంతు తగ్గించాడు. "అదంతా వదిలెయ్ జయరాజ్. మోటారు మళ్ళీ ఎప్పుడు కాలిపోతుంది? ఈసారి ముందు మా ఇంట్లో చెప్పు."

జయరాజ్ తొట్టికేసి చూసి, నీళ్లు మార్చాల్సిన రోజు లెక్కవేసి, "వచ్చే ఆదివారం సార్," అన్నాడు.