ఉత్తరపు బావికి ఎనిమిది మూలికలు

గురువారం ఉదయం పది గంటలకు ఉత్తరపు బావిలోకి దిగాలని నిషివాకి మాస్టారు సోమవారం నాడే నిర్ణయించుకున్నారు. గురువారాల్లో ఆయన భార్య ఫుసాయో బృందగానం నేర్చుకోవడానికి వెళ్ళి, పన్నెండు దాటితే గానీ ఇల్లు చేరదు. ఆ రెండు గంటలూ ఆయనవి. పరుపుల అల్మారాలో, చలికాలపు దుప్పట్ల వెనకాల, ఆవిడక్కూడా తెలియకుండా ఒక వీడియో గేమ్ యంత్రం ఉంది. బావి ఆ ఆటలోది.

దాచుకోక తప్పని పరిస్థితి. ముప్ఫై ఎనిమిదేళ్ళపాటు కురోతని ఊరి పిల్లలకు ఈ ఆటలు మెదడుకు పట్టే చెదలని చెప్పిన మనిషి ఆయన. సంచుల్లో దొరికిన క్యాసెట్లన్నీ లాక్కున్నారు. దొరికిన ప్రతివాడి చేతా మూడు కాగితాల పశ్చాత్తాప పత్రం రాయించారు. చదివి, మనసులోంచి రాలేదనిపిస్తే ఎర్ర కలంతో "మళ్ళీ రాయాలి" అని వెనక్కి పంపారు. ఊళ్ళో నలభై దాటినవాళ్ళు కూడా ఆయన ఎదురైతే సైకిల్ దిగి వంగి నమస్కారం పెడతారు. ఆ నమస్కారం అంటే మాస్టారికి ప్రాణం.

ఉద్యోగం అయిపోయాక అటక సర్దుతుంటే, ఎవరూ వచ్చి అడగని క్యాసెట్ల పెట్టె బయటపడింది. 'ఏడు దీపాల రాజ్యం' అనే ఆట, ఒకటో భాగం నుంచి ఆరో భాగం దాకా. ఇందులో ఏముందని పిల్లలు అన్నేసి తిట్లు తిన్నారు? చూద్దామనుకున్నారు. చూసి ఏడాదిన్నర అయింది. మొదటి రెండు భాగాలు పూర్తిచేసి, మూడోదాంట్లో ఈ బావి దగ్గర ఆగిపోయారు. దిగడం, చావడం, మళ్ళీ దిగడం. అడుగున ఏముందో తెలియక నెలరోజులుగా అన్నం కూడా సరిగ్గా సహించడం లేదు.

పదికి ఐదు నిమిషాలు ఉందనగా యంత్రానికి తీగలు కలుపుతుంటే గంట మోగింది. దుప్పటి కప్పేసి తలుపు తీశారు. పక్కింటి తోయో మామ్మగారు. ఎనభై నాలుగేళ్ళు. పొలం లాగు వేసుకుని, మెడకు తువ్వాలు చుట్టుకుని, ఒక చేతిలో కొడవలి, మరో చేతిలో మాచిపత్రి కట్టలు పట్టుకుని ఉంది.

"ఎనిమిదీ తెచ్చాను మాస్టారూ, లెక్క చూసుకోండి. మరి నన్నే ముందు దింపుతారు కదా?"

"ఎక్కడికి మామ్మగారూ?"

"ఎక్కడికేంటి, బావిలోకి! మీరే రాసి నన్నడుగుతారేం?" అంటూ ఆవిడ చంకలోని అట్ట తీసి చేతిలో పెట్టింది.

అది వీధి సంఘం అట్ట. ఏ కబురైనా ఆ అట్టకు తగిలించి మొదటి ఇంటికిస్తే, చదివి ముద్ర వేసి పక్కింటికి అందిస్తారు. అలా పద్నాలుగిళ్ళూ తిరిగి సంఘం పెద్ద ఇంటికే వస్తుంది. ఈ ఏడాది ఆ పెద్ద వంతు మాస్టారిది. వచ్చే ఆదివారం మురుగుకాలువ శుభ్రం చేయాలని సోమవారం ఆయన ఒక కాగితం రాశారు. అదే బల్ల మీద, అదే కలంతో, బావి సంగతులు తన కోసం ఇంకో కాగితం మీద రాసుకున్నారు. అట్టకు ఏది తగిలించారో ఇప్పుడు చూశారు. ముత్యాల్లాంటి అక్షరాలు.

"గురువారం ఉదయం పది. ఉత్తరపు బావి. మూలికలు ఎనిమిది, తాడు, దివిటీ. ఆయుధం తప్పనిసరి. ముసలావిడను ముందు నడపాలి. ఆవిడ పడిపోతే వెంటనే వెనక్కి తెచ్చి గుడిలో బతికించుకోవాలి. సత్రం వాడిని నమ్మకూడదు. ఎన్నిసార్లు అడిగినా అదే అబద్ధం."

కింద వరసగా పద్నాలుగు ఎర్ర ముద్రలు.

"ఈ వీధిలో ముసలావిడంటే నేనొక్కదాన్నేగా. ఇన్నేళ్ళకి నన్నొకరు ముందు నడవమన్నారు," అంది మామ్మగారు. కళ్ళు చెమర్చాయి కూడా. "అన్నట్టు ఆ బతికించే గుడేదో చెప్పండి. మా ఆయన్ని కూడా ఓసారి అడిగి చూద్దాం."

మాస్టారు నోరు తెరిచారు. ఆటండీ ఇది, అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆ మాటతో ముప్ఫై ఎనిమిదేళ్ళ గౌరవం కూడా అయిపోయేది. నోరు మూసుకున్నారు.

ఈలోగా వేడినీటి బుగ్గ సత్రం నడిపే హిరుమ బెల్లం బన్నుల పెట్టె రెండు చేతులతో పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, నడుం విరిగేలా వంగాడు.

"తప్పయిపోయింది మాస్టారూ. మూడు రాత్రులుగా నిద్ర లేదు. మీకెలా తెలిసిందో నాకు తెలీదు."

"ఏం తెలిసిందండీ?"

"బుగ్గ ఎండిపోయి రెండేళ్ళయింది. గ్యాసు మీద కాచి పోస్తున్నాం. ఎవరడిగినా భూమిలోంచే వస్తోందని చెబుతున్నాను. రేపే బోర్డు మార్పించేస్తాను, ఈసారికి వదిలేయండి."

"అదా!" అంది మామ్మగారు. "నా మోకాళ్ళ నొప్పులు తగ్గకపోతే నా వయసనుకున్నా. ఓ బన్ను ఇలా ఇవ్వు."

మాస్టారు ఏదో అనేలోపే వీధిలో సైరన్ మోగింది. ఊరి అగ్నిమాపక దళం ఎర్ర బండి, దాని వెనక మిగతా ఇళ్ళవాళ్ళు. ఒకరి చేతిలో పార, ఒకరి చేతిలో బేస్‌బాల్ బ్యాటు, అందరి చేతుల్లో ఎనిమిదేసి మాచిపత్రి కట్టలు. దళం నాయకుడు మిజోగుచి, ఇనుప సామాన్ల కొట్టు ఆయన, బండి దిగి తాడు చుట్ట చూపించాడు.

"ముప్ఫై మీటర్లు తెచ్చాను. చాలుతుందా మాస్టారూ?"

మిజోగుచి ఆరో తరగతిలో ఆయన శిష్యుడు. దుప్పటి కింద ఉన్న క్యాసెట్ వెనక నల్ల సిరాతో "మిజోగుచి, ఆరు బి" అని ఉన్న సంగతి మాస్టారికి ఆ క్షణంలోనే గుర్తుకు రావాలా?

వీధికి ఉత్తరపు కొసన నిజంగానే ఒక పాడుబడ్డ బావి ఉంది. పలకలు వేసి మూసి యాభై ఏళ్ళు. దారి పొడుగునా ఒకటే ప్రశ్న.

"ఇంతకీ అందులో ఏముందంటారు మాస్టారూ?"

"అదే నాకూ తెలియడం లేదు," అన్నారాయన. ఆ ఉదయం ఆయన చెప్పిన నిజం అదొక్కటే. అయితే బడిలో మాట్లాడే గొంతుతో చెప్పడం వల్ల, సంగతి మరీ పెద్దదై ఉంటుందని అందరూ తలలూపారు.

పలకలు లేపారు. మిజోగుచి దీపం వేసి చూసి, నీళ్ళు లేవు, ఎండుటాకులూ ప్లాస్టిక్ బాల్చీ కనబడుతున్నాయన్నాడు. ఆ మాట విన్నాక కూడా ఎవరూ ఇళ్ళకు పోలేదు. అసలుది బాల్చీ కింద ఉంటుందేమోనన్నారు. మామ్మగారు అప్పటికే నడుముకు తాడు కట్టించుకుని, కొడవలి నోట కరుచుకుని, గట్టు మీదకు ఒక కాలు వేసింది.

మాస్టారు ఆ కాలు చూశారు. వంద జతల కళ్ళు నమస్కారం పెట్టడం మానేసినా బతకొచ్చు. ఈ కాలు జారితే బతికించే గుడి ఈ ఊళ్ళో లేదు.

"ఆగండి!" అని అరిచి, మట్టిలో రెండు మోకాళ్ళ మీదా కూర్చుని నుదురు నేలకానించారు. "అది ఆట! వీడియో గేమ్! నేను ఆడుతున్నాను. ఏడాదిన్నరగా. కాలువ కాగితం బదులు ఆ కాగితం తగిలించాను. ముసలావిడ ఆటలో మంత్రగత్తె. సత్రం వాడూ ఆటలోవాడే."

అందరికంటే ముందు హిరుమ తేరుకున్నాడు.

"ఆటలోవాడా?" అన్నాడు. "మరి నేను... బన్నులు కూడా పంచేశానే!"

మిజోగుచి మాత్రం పగలబడి నవ్వాడు. "నాకు సోమవారమే తెలుసు మాస్టారూ. 'ఏడు దీపాల రాజ్యం' మూడో భాగం. ఎనిమిది మూలికలు ఎలా సరిపోతాయి? పన్నెండు కావాలి."

"తెలిసి మరి అగ్నిమాపక బండి ఎందుకు తెచ్చావురా?"

"అప్పటికే తొమ్మిది ముద్రలు పడ్డాయండీ. అందరూ వస్తామని ముద్ర వేశాక నేనొక్కణ్ణీ ఎలా రాను అంటాను?"

మిగతావాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అందరి కారణమూ అదే.

"సరే, అడుగున ఏముందో అదన్నా చెప్పు," అన్నారు మాస్టారు, మోకాళ్ళ మీంచి లేవకుండానే.

మిజోగుచి నవ్వు ఆగిపోయింది. "నాకెలా తెలుస్తుంది? నేను బావిలో సగం దాకా దిగిన మర్నాడే మీరు క్యాసెట్ లాక్కున్నారు. ముప్ఫై ఏళ్ళయింది. ఇప్పటికీ ఏ బావి చూసినా అదే గుర్తొస్తుంది."

మాస్టారు తలెత్తి చూశారు. బట్టతల పడుతున్న ఆ మొహంలో, చేతులు కట్టుకుని బల్ల ముందు నిలబడిన పన్నెండేళ్ళ పిల్లాడు స్పష్టంగా కనిపించాడు. చాలా సిగ్గేసింది ఆయనకు.

"నువ్వు ఆట ఆపిన చోటు క్యాసెట్లో అలాగే ఉందిరా," అన్నారు. "నేను వేరేగా మొదటినుంచి ఆడాను, దాని మీద చెయ్యి వేయలేదు. పద."

పన్నెండున్నరకు ఫుసాయో ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో పద్దెనిమిది జతల చెప్పులూ, వీధిలో అగ్నిమాపక బండీ ఉన్నాయి. ఇల్లు కాలిపోయిందనుకుని లోపలికి పరిగెత్తింది. గదినిండా జనం. టీవీ ముందు తోయో మామ్మగారు మీటలు నొక్కుతోంది. వెనక నుంచి మిజోగుచి, "మామ్మగారూ, మూలిక! మూలిక తినిపించండి!" అని అరుస్తున్నాడు.

"ఏమండీ, ఏమిటిది?" అంది ఫుసాయో.

"ఒక్క నిమిషం," అన్నారు మాస్టారు, తల తిప్పకుండా. "అడుగుకు చేరాం."

పన్నెండు మూలికలూ అయిపోయాయి. బావి అడుగున ఒక పెట్టె ఉంది. మామ్మగారు మీట నొక్కింది. పెట్టెలో ఒక మూలిక ఉంది.

"ఒకటేనా?" అంది మామ్మగారు.

మిజోగుచి నేల మీద దొర్లి దొర్లి నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. మిగతా మూడు భాగాలూ కలిసే ఆడదామన్నాడు గానీ, దానికొక షరతు పెట్టాడు. మాస్టారు తలవంచి సరేనన్నారు.

మరుసటి సోమవారం అట్టకు, తేదీ మార్చిన కాలువ కాగితంతో పాటు మూడు కాగితాల పశ్చాత్తాప పత్రం కూడా తగిలించి పంపారు. అది పద్నాలుగు ముద్రలతో, అడుగున ఎర్ర కలంతో రాసిన రెండు మాటలతో తిరిగి వచ్చింది: "మళ్ళీ రాయాలి."