తూకానికి రాని పుస్తకం

“ఈ గదిలో ఘోరమైన నేరం జరిగింది! ఎవరూ కదలొద్దు! ఊపిరి పీల్చుకోవచ్చు గానీ, నెమ్మదిగా!”

ఇలా ప్రకటించి డేగకన్ను తన కళ్లజోడు కోసం నాలుగు జేబులూ తడుముకున్నాడు. అది నెత్తిమీదే ఉంది. మెస్‌లో ఉన్న ఐదుగురికీ కనిపిస్తూనే ఉంది గానీ ఎవరూ చెప్పలేదు. కదలొద్దన్నాడు కదా.

“కంగారుపడకండి. ఇలాంటి చిక్కుముళ్లు విప్పడానికే నా బుర్ర పుట్టింది. గంటలో దొంగని మీ ముందు నిలబెడతాను. మరీ బతిమాలితే అరగంటలో!”

డేగకన్ను అన్నది అతను తనకు తానే పెట్టుకున్న పేరు. అలా పిలిస్తే తప్ప పలకడు గనక అందరూ అలాగే పిలుస్తారు. పది పాఠాల్లో నేరపరిశోధన నేర్పుతామన్న ప్రకటన చూసి పోస్టు ద్వారా చేరాడు. ఆరు పాఠాలు వచ్చాయి. మిగతా నాలుగూ దారిలో ఎవరో కొట్టేశారు. ఎవరు కొట్టేశారన్నది ఏడో పాఠం చదివితే గాని కనిపెట్టలేడట.

ఈ మహానుభావుడి గదిలోనే నాలుగేళ్లుగా ఉంటున్నాడు సున్నా. లెక్కల డిగ్రీ. అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది గానీ అది వాళ్లక్కకి తప్ప ఎవరికీ గుర్తులేదు. సున్నా అన్న పేరు వచ్చింది తూకంలో.

ఆ తూకం సంగతి చెప్పాలి. పిన్ని మెస్‌లో రెండు పూటలా తినే విద్యార్థులకి ఆకలి తర్వాత అంత పెద్ద సమస్య ఒక్కటే: ఏ డిగ్రీ కష్టం? మెడిసిన్ చదివే డాక్టరమ్మ మాదేనంటుంది. లా చదివే ప్లీడరు అభ్యంతరం అంటాడు. ఇంజినీరు మాట్లాడకుండా స్కేలుతో బల్ల మీద కొడతాడు. ఈ గోల భరించలేక పిన్ని ఒకరోజు, “మీ కష్టాలేవో నా కాటా మీద పెట్టుకుని తూచుకు చావండి” అంది. ఆవిడ విసుక్కుని అన్న మాటని వీళ్లు చట్టం చేసి కూర్చున్నారు. అప్పటినుంచి ఏటా పరీక్షల ముందు ఆదివారం, బంగాళాదుంపలు తూచే కాటా మీద ప్రతి డిగ్రీ పుస్తకాలూ ఎక్కుతాయి. ఎక్కువ తూగిన డిగ్రీకి పరీక్షలయ్యేదాకా మెస్‌లో కిటికీ పక్క సీటు. అక్కడ వెలుతురుంటుంది, గాలొస్తుంది, వంటింటి గిన్నెల మోత వినపడదు. తీర్పరి డేగకన్నే. మెడిసిన్‌లో ఒక ఏడాది, లాలో ఒక ఏడాది, ఇంజినీరింగ్‌లో ఒక ఏడాది తప్పి ఇప్పుడు తత్త్వశాస్త్రంలో తేలాడు గనక, ఏ డిగ్రీ మీదా ప్రేమ లేని మనిషి అతనొక్కడే అని అందరూ ఒప్పుకున్నారు.

కిందటేడు సున్నా పుస్తకాలు కాటా మీద పెడితే ముల్లు కదల్లేదు. అందరూ వంగి చూశారు, డాక్టరమ్మ కాటాని తట్టి కూడా చూసింది. కదల్లేదు. ఈ ఏడు ముల్లు దాకా పోనేలేదు, అసలు పుస్తకమే మాయమైంది.

“పల్చటి నోటుబుక్కే కదరా,” అన్నాడు ఇంజినీరు. “ఇంకోటి తెచ్చుకో.”

“ఇంకోటి తెచ్చుకుంటే అందులో తెల్ల కాగితాలుంటాయి,” అన్నాడు సున్నా.

ఒకే పేపరు రెండుసార్లు తప్పాడు సున్నా. మొదటిసారి మూడు మార్కుల్లో, రెండోసారి రెండు మార్కుల్లో. రేపు పొద్దున పదింటికి మూడోసారి. ఇదీ పోతే కాలేజీవాళ్లు పేరు కొట్టేస్తారు. తనకు కొరుకుడు పడని ప్రతి సిద్ధాంతాన్నీ విడగొట్టి, తన మాటల్లో రాసుకున్న అరవై పేజీలు అవి. రెండేళ్లు పట్టింది. దర్జీ పని చేసే అక్క తన మిషను మీద నీలం దారంతో కుట్టిచ్చింది. “ఇది చిరిగితే మళ్లీ కుడతాను. నువ్వు మళ్లీ తప్పితే మాత్రం కుట్టడానికి నా దగ్గరేం లేదురా” అంది. ఆ మాట సున్నాకి గుర్తొచ్చింది. భయమేసింది, అంతకంటే సిగ్గేసింది.

“వివరాలు చెప్పు,” అన్నాడు డేగకన్ను.

“ఈ బల్ల మీదే పెట్టాను. కాటా తేవడానికి వంటింట్లోకెళ్లాను. తిరిగొచ్చేసరికి వీళ్ల పుస్తకాలు బల్లంతా పరిచేసి ఉన్నాయి. నాది వాటి కింద ఎక్కడో ఉందనుకున్నా. అందరివీ తూచాక నా వంతొచ్చింది. చూస్తే లేదు.”

“నువ్వు వెళ్లేటప్పుడు ఇక్కడ ఎవరున్నారు?”

“నువ్వూ, పిన్నీ. తర్వాత వీళ్లు ముగ్గురూ వచ్చారు.”

“నన్ను తీసెయ్. పిన్నిని తీసెయ్, అన్నం పెట్టే మనిషి. మిగిలింది ముగ్గురు! చూశావా, సగం కేసు అయిపోయింది!”

“బాబూ, పొద్దున నువ్వు ఆ బల్ల దగ్గర...” అంటూ పిన్ని ఏదో చెప్పబోయింది.

“పిన్నీ! సాక్షులు అడిగినప్పుడే మాట్లాడాలి. మూడో పాఠం!”

పిన్ని మూతి ముడుచుకుని బఠాణీలు ఒలుచుకోసాగింది.

మొదటి ముద్దాయి డాక్టరమ్మ. ఆమె సంచీలో చెయ్యి పెట్టిన డేగకన్ను కెవ్వుమన్నాడు.

“ఎముక! మనిషి ఎముక!”

“అవును. మోచేతిది. జాగ్రత్తగా పట్టుకో, కాలేజీలో తిరిగివ్వాలి.”

“ఒప్పుకుంది! రాసుకో సున్నా! ఎవరి ఎముక ఇది?”

“నాకేం తెలుసు? అనాటమీ మొదటి నెల నుంచీ ఉంది. నువ్వు చదివినప్పుడూ ఇదే కదా. దీన్ని మోకాలిదని చెప్పే కదా నువ్వు తప్పావు?”

డేగకన్ను ఎముకని మర్యాదగా సంచీలో పెట్టేశాడు. ఆ ఆలోచనలోనే ఎదురుగా ఉన్న టీ గ్లాసు అందుకుని, సున్నా జేబులోంచి కలం లాగి, దాంతో చక్కెర కలుపుకుని, మళ్లీ సున్నా జేబులోనే పెట్టాడు. మాటల్లో పడితే డేగకన్ను చేతులకి యజమాని ఉండడు. సున్నా చొక్కా మీద టీ మరక చూసుకున్నాడు. నాలుగేళ్లలో ఇది పదకొండో చొక్కా.

రెండో ముద్దాయి ప్లీడరు, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

“నువ్వు ఆ పుస్తకం ముట్టుకున్నావా?”

“అభ్యంతరం. ఏ పుస్తకం?”

“సున్నా పుస్తకం.”

“అది పుస్తకమని ముందు రుజువు చెయ్యాలి. మొన్న మీరే దాన్ని అట్టముక్క అన్నారు.”

“మాట తప్పించకు! చివరిసారి అది ఎవరి చేతిలో ఉంది?”

“మీరు విచారణాధికారిగా సంతకం చేస్తేనే నేను జవాబు చెప్పగలను. పద్ధతి ప్రకారం పోదాం.” ప్లీడరు ఒక కాగితం మీద చకచకా నాలుగు లైన్లు రాసి ముందుకు తోశాడు.

“పద్ధతంటే పద్ధతే,” అని డేగకన్ను కళ్లజోడు కోసం వెతుక్కుని, దొరక్క, చదవకుండానే సంతకం పెట్టేశాడు. ప్లీడరు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, “నాకేమీ తెలియదు,” అన్నాడు.

అప్పటికి రెండు గంటలు దాటింది. సున్నా గోడ గడియారం వంక చూశాడు. సాయంత్రం నాలుగు. ఆ అరవై పేజీలూ ఒక్కసారి తిరగెయ్యడానికి తక్కువలో తక్కువ ఐదు గంటలు కావాలి. బెంచీల కింద చూశాడు, బియ్యం డబ్బా వెనక చూశాడు, ఆఖరికి చెత్తబుట్ట కూడా బోర్లించాడు. బఠాణీ తొక్కలు తప్ప ఏమీ లేవు.

మూడో ముద్దాయి ఇంజినీరు. అతను డేగకన్ను వంక చూడనే లేదు. బల్ల అంచు పట్టుకుని ఇటూ అటూ ఊపుతున్నాడు.

“ఏంటా పని? సాక్ష్యాలు చెరిపేస్తున్నావా?”

“కాదెహే. ఈ బల్లకి ఒక కాలు కురచ. మూడు నెలల్నుంచి ఊగుతోంది, పప్పు వడ్డిస్తే పక్కవాడి ఒళ్లోకి పోయేది. ఈ రోజు ఊగట్లేదు చూడు. విచిత్రంగా లేదూ?”

“ఇక్కడ ఒక మనిషి జీవితం కూలిపోతుంటే నీకు బల్లలు కావాల్సొచ్చాయా!”

“అదే బాబూ నేను కూడా చెప్పబోతున్నది, ఆ బల్ల...” అంది పిన్ని.

“పిన్నీ! మూడో పాఠం!”

“నీ పాఠం పాడుగాను,” అని పిన్ని గిన్నె పట్టుకుని వంటింట్లోకి పోయింది.

డేగకన్ను గదిలో ఏడుసార్లు అటూ ఇటూ తిరిగాడు. ఎనిమిదోసారి మధ్యలో ఆగి వేలు పైకెత్తాడు.

“దొరికింది! ఇది ఒక్కరు చేసిన పని కాదు. మూడు డిగ్రీలు కలిసి ఒక బక్క డిగ్రీ మీద పన్నిన మహా కుట్ర! లెక్కల పుస్తకం ఒక్కసారి కాటా ఎక్కితే తమ గుట్టు రట్టవుతుందని భయం!”

“దాని బరువు వంద గ్రాములు,” అంది డాక్టరమ్మ.

“అదే! ఎవరూ అనుమానించరని!”

“ఒరేయ్,” అన్నాడు సున్నా. ఎప్పుడూ ఎదురు చెప్పనివాడు ఇంత గట్టిగా అనేసరికి అందరూ అటు తిరిగారు. “నాకు దొంగ వద్దు. కుట్ర వద్దు. నా పుస్తకం కావాలి. అది లేకుండా రేపు నేను పరీక్షకి పోలేను. అక్క మొహం చూడలేను. నీకు చేతకాకపోతే చేతకాదని చెప్పు, నా తిప్పలు నేను పడతాను.”

డేగకన్ను మొహం చిన్నబోయింది. నిజంగా బాధపడ్డాడు. స్నేహితుడి కోసం ప్రాణమైనా ఇస్తాడు, బుర్ర మాత్రం ఇవ్వలేడు, అది దగ్గర లేదు కాబట్టి. ఆ బాధలోనే ఒక బెంచీ ఎక్కి, బెంచీ మీంచి బల్ల ఎక్కి, మూడు డిగ్రీల పుస్తకాలూ పేర్చి ఉన్న అంచు మీద కాళ్లు దూరంగా పెట్టి నిలబడ్డాడు.

“సున్నా! నీ కన్నీళ్ల సాక్షిగా చెబుతున్నాను! ఆ దొంగ ఈ గదిలోనే ఉన్నాడు! ఈ క్షణంలో అతని పేరు...”

“మధ్యలో నిలబడు! అంచు మీద కాదు!” అని ఇంజినీరు అరిచాడు.

అంతలోనే బల్ల ఆ పక్కకి ఒరిగింది. ముందు అనాటమీ జారింది, దాని వెనక నేరశిక్షాస్మృతి, వాటిమీద డేగకన్ను, అతనిమీద కాంక్రీటు గురించిన రెండు సంపుటాలు. బల్ల రెండో కొస గాల్లోకి లేచింది. ఆ కొసన ఉన్న కురచ కాలి కింద, నేల మీద, నీలం దారం మెరిసింది.

సున్నా దూకి పుస్తకాన్ని లాక్కున్నాడు. మరుక్షణం బల్ల ధబ్బున కిందకి దిగింది.

చప్పుడుకి పిన్ని పరుగెత్తుకొచ్చింది. సున్నా చేతిలోది చూసింది.

“ఇదా మీరు వెతుకుతున్నది? ఇది వీడే కదా అక్కడ దూర్చాడు! తూకం న్యాయంగా ఉండాలి, బల్ల ఊగకూడదు, పల్చటిదేదైనా ఇవ్వు పిన్నీ అన్నాడు. నేను అట్టముక్క వెతికేలోపల, న్యాయం గురించి ఉపన్యాసమిస్తూ బల్ల మీదున్నదేదో తీసి కాలి కింద పెట్టేశాడు. అదే పొద్దుట్నుంచీ చెప్పబోతున్నా. వింటేనా!”

ప్లీడరు జేబులోంచి కాగితం తీసి, గొంతు సవరించుకుని చదివాడు. “విచారణాధికారినైన నేను, సదరు పుస్తకం చివరిసారి నా చేతిలోనే ఉండెనని ఇందుమూలంగా ఒప్పుకుంటున్నాను. సంతకం, డేగకన్ను.”

“నీకు ముందే తెలుసా?” అంది డాక్టరమ్మ.

“లేదు. ఎందుకైనా మంచిదని ఎవరిచేతనైనా అలాగే రాయించుకుంటాను. మాకు రెండో ఏడాదిలోనే చెబుతారు.”

కాంక్రీటు కింది నుంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. వేలు పైకి లేచింది. “చూశారా! దొంగ ఈ గదిలోనే ఉన్నాడన్నానా లేదా? గంట పట్టింది, అంతే.”

“రెండున్నర,” అన్నాడు సున్నా. పుస్తకం గుండెలకి హత్తుకుని నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో వాడికే తెలియలేదు. లోపల ప్రతి పేజీ మధ్యలోనూ గుండ్రటి గుంట పడింది గానీ ఒక్క అక్షరం చెరగలేదు. అక్క కుట్టు ఒక్కచోట కూడా వదల్లేదు.

ఇంజినీరు మోకాళ్ల మీద కూర్చుని ఆ గుంటని వేలితో తడిమాడు. “మెడిసిన్ ఇరవైఒక్క కిలోలు, లా ఇరవైరెండు, మాది పంతొమ్మిది. మొత్తం అరవైరెండు కిలోలు పొద్దుట్నుంచీ మోసింది ఇది. మరి ఏ డిగ్రీ గట్టిదో మీరే చెప్పండి.”

చరిత్రలో మొదటిసారి లెక్కలు గెలిచేలా ఉంది.

“అంతుండదు,” అన్నాడు సున్నా. “బల్లకి నాలుగు కాళ్లు. బరువు సమంగా పరిచి ఉంటే దీని మీద పడింది సుమారు నాలుగో వంతే. పదిహేనున్నర కిలోలు. బల్ల బరువు కలపకుండా.”

డాక్టరమ్మ తల పట్టుకుంది. “నిన్ను గెలిపిద్దామంటే నువ్వే తగ్గిస్తావేంటయ్యా!”

“నేను తగ్గించలేదు. ఉన్నది అంతే.”

“ఆపండి ఇంక,” అంది పిన్ని. “రేపు పరీక్ష ఎవరికి?” సున్నా ఒక్కడే చెయ్యెత్తాడు. “అయితే కిటికీ సీటు వాడిది. పరీక్ష ఎదురుగా ఉన్నవాడిదే ఇవాళ్టికి కష్టం. మిగతావాళ్లు పుస్తకాలు ఏరుకోండి, రాత్రి వంట చెయ్యాలి నేను.”

సున్నా కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఇంజినీరు కురచ కాలి కింద పెట్టడానికి సరైన మందం కోసం గదంతా కొలిచి, చివరికి డేగకన్ను నేరపరిశోధన పాఠాలు ఆరూ పేర్చి దూర్చాడు. అతికినట్టు సరిపోయాయి. ఏడోది కూడా వచ్చుంటే బల్ల ఇటువైపు ఎత్తయ్యేదన్నాడు.

ఫలితాల్లో సున్నాకి నలభైమూడు మార్కులొచ్చాయి. పాసు. అక్కకి ఫోన్ చేస్తే అవతల కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది. తర్వాత, “చొక్కాలు ఏమైనా కావాలా నీకు?” అంది.

కొత్త ఏడాది మొదటి వారంలో డేగకన్ను గదిలోకి చేతులు ఊపుకుంటూ వచ్చి ప్రకటించాడు. “ఏ డిగ్రీ కష్టమన్నది తేల్చాలంటే నేను తప్పని డిగ్రీ ఒక్కటే మిగిలింది. లెక్కల్లో చేరిపోయాను! ఇక నీ పుస్తకం ఇలా ఇయ్యి.”

సున్నా అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. కళ్లజోడు నెత్తిమీదుంది. చేతులు అప్పుడే దేనికోసమో బల్ల మీద తడుముతున్నాయి. ఒక నిట్టూర్పు విడిచి, పెట్టె తెరిచి, నీలం దారం పుస్తకం తీసి అతని చేతిలో పెట్టాడు. పెట్టి, వెంటనే వదలకుండా ఒక్క క్షణం రెండో కొస పట్టుకునే ఉన్నాడు.

“చదవడానికి మాత్రమే,” అన్నాడు.