పైమట్టి కుప్పకు అటవీ హోదా

మంగళవారం ఉదయం పదిన్నరకు, మూతపడిన గని పక్కనున్న పైమట్టి కుప్పను అడవిగా ప్రకటించారు. ప్రకటించినవారు గని భూముల పునరుద్ధరణ సంస్థ డైరెక్టరు.

కుప్ప పూర్వాపరాలు ఇవి. తొమ్మిదేళ్ల కిందట గని తవ్వేముందు నేలమీది మట్టిని ఒలిచి పక్కన పోశారు. గని పని అయిపోయాక దాన్ని తిరిగి నేలమీద పరవాలని నిబంధన. ఎవరూ దాని జోలికి పోకపోవడంతో కుప్పమీద గడ్డీ తుప్పలూ వాటంతటవే లేచాయి. ఈలోగా సంస్థ మట్టి పరవకుండానే గని నేలలో మూడు విడతలు మొక్కలు నాటింది. మూడు విడతలూ ఎండాయి. తనిఖీకి వచ్చిన డైరెక్టరు కారు దిగి చూస్తే పచ్చగా కనిపించింది కుప్ప ఒక్కటే.

"మిత్రులారా! తొమ్మిదేళ్ల కిందట ఇక్కడ ఏముంది? ఏమీ లేదు. ఈ కుప్ప కూడా లేదు! నేటి ఈ పచ్చదనం మన ప్రణాళికకు, మన పట్టుదలకు, ముఖ్యంగా మన మూడో విడత నివేదికకు నిదర్శనం" అన్నారాయన.

అందరూ చప్పట్లు కొట్టారు. నర్సరీ మేస్త్రమ్మ కూడా కొట్టింది. ఆ తర్వాత ముందుకొచ్చింది.

"అయ్యా, ఆ మట్టి రేపు నేలమీద పరవాలండీ. ఆరువేల మొక్కలు పెంచాను. వేళ్లు సంచులు చించుకుని బయటికొచ్చాయి. వానల్లోగా నాటకపోతే ఒక్కటీ దక్కదు."

"అడవిని తవ్వి మొక్కలు నాటుతావా అమ్మా?" అన్నారు డైరెక్టరు. అక్కడున్నవారెవరికీ ఈ ప్రశ్నలో లోపం కనిపించలేదు.

సాయంత్రానికి అడవి ధ్రువపత్రం, కంచె, బోర్డు, కాపలాదారు వచ్చారు. అడవి బాధ్యత అదనంగా మేస్త్రమ్మకే అప్పగించి, చేతిలో నిబంధనల పుస్తకం పెట్టారు.

ఆమె మరిది పొక్లెయిన్ డ్రైవరు. లారీల కింద నలిగి గచ్చులా బిగుసుకుపోయిన గని నేలను వారంపాటు మీటరు లోతున చీల్చి సిద్ధం చేసింది అతనే.

"పెళ్లికి పందిరి వేశాం వదినా. పెళ్లికొడుకు సన్యాసుల్లో కలిశాడు" అన్నాడు.

"వాగింది చాలు. బండిలో డీజిల్ ఉందేమో చూసుకో" అంది మేస్త్రమ్మ, పుస్తకం పద్నాలుగో పేజీ మీంచి తలెత్తకుండా.

ఆ పేజీ ప్రకారం, మంటలు పాకకుండా ప్రతి అడవి అంచునా అయిదు మీటర్ల వెడల్పున ఫైర్‌లైను తవ్వాలి. తవ్వితీసిన మట్టిని వ్యర్థంగా పరిగణించి, దగ్గర్లోని నిరుపయోగ భూమిలో పారవేయాలి. దగ్గర్లో ఉన్న నిరుపయోగ భూమి గని నేల ఒక్కటే.

మేస్త్రమ్మ దరఖాస్తు పెట్టింది. విషయం: అడవికి అగ్నిప్రమాదం. మర్నాడే అనుమతి వచ్చింది. అడవి తగలబడితే, వద్దన్నవారి సంతకం ఫైల్లో ఉండిపోతుంది కదా.

మొదటి ఫైర్‌లైను తవ్వాక కంచెను లోపలికి జరిపారు. అడవికి కొత్త అంచు వచ్చింది. కొత్త అంచుకు ఫైర్‌లైను లేదు. రెండో దరఖాస్తు వెళ్లింది. దాని వెనక మూడోది, నాలుగోది.

"ఇంకెన్ని గీతలు వదినా?"

"అడవి ఉన్నంతకాలం నిప్పు భయం ఉంటుంది కదయ్యా. తవ్వు."

ఆరో ఫైర్‌లైను పూర్తయ్యేసరికి గని నేలమీద అడుగు మందాన వ్యర్థం పరుచుకుంది. అందులో ఆరువేల మొక్కలూ నాటారు. రిజిస్టరులో "వ్యర్థాల నుంచి దుమ్ము లేవకుండా తగు చర్యలు తీసుకోవడమైనది" అని రాశారు. నాటిన రెండో రోజు వాన కురిసింది.

మొన్నటి లెక్క ప్రకారం వ్యర్థాల స్థలంలో 5,812 మొక్కలు బతికి ఉన్నాయి. ఏ నివేదికలోనూ వాటి ప్రస్తావన లేదు. అడవి కంచె లోపల ఒక తుప్ప మిగిలింది. ధ్రువపత్రంలో అడవి విస్తీర్ణం మారలేదు. బోర్డు ఉంది. కాపలాదారు ఉన్నాడు.

అడవిని చూడటానికి నిన్న సాయంత్రం వరకు 412 మంది వచ్చారు. అందరూ బోర్డు పక్కన, గని నేలలోని మొక్కలకు వీపు తిప్పి నిలబడి ఫొటోలు దిగారు.